చక్రాల మీద ఇల్లు – ఎవరూ చూడని బిల్లు

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఆర్వీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. లాంగ్ వీకెండ్ వచ్చిందంటే రెండు కుటుంబాలు కలిసి ఒక మోటార్‌హోమ్ అద్దెకి తీసుకోవడం, కుక్కరూ పులిహోర డబ్బాలూ ఆవకాయ సీసా సర్దుకుని యెల్లోస్టోన్‌కో గ్రాండ్ కేన్యన్‌కో బయల్దేరడం మామూలే. తిరిగొచ్చాక అందరూ చెప్పే మాట కూడా ఒకటే: "బండి బానే ఉంది గానీ, పెట్రోలు తాగేస్తుందండీ బాబూ!" గాలనుకి ఎనిమిదో పదో మైళ్ళు. మన లెక్కలో లీటరుకి మూడున్నర, నాలుగు కిలోమీటర్లు.

మరి ఇలాంటి బండిని కరెంటు మీద నడపాలంటే? ఈ ప్రశ్నకి ఏడాది తిరక్కుండా రెండు జవాబులొచ్చాయి. రెండూ ప్రోటోటైపులే.

మొదటిది 2021లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ టెక్నికల్ యూనివర్సిటీ విద్యార్థులు కట్టిన స్టెల్లా వీటా. బ్యాటరీ 60 కిలోవాట్ అవర్లు (మన కరెంటు బిల్లులో యూనిట్ అంటే ఇదే కాబట్టి ఇకనుంచి యూనిట్లు అనే అందాం). ఒక చార్జింగుతో 600 కి.మీ. వెళ్తుందని వాళ్ళ లెక్క. రెండోది 2022 జనవరిలో విన్నెబాగో కంపెనీ చూపించిన ఈ-ఆర్వీ. బ్యాటరీ 86 యూనిట్లు. కంపెనీ చెప్పిన రేంజి 125 మైళ్ళు, అంటే 200 కి.మీ.

ఇంకోలా చెప్తాను. హైదరాబాదులో ఫుల్ చార్జి చేసి విజయవాడ బయల్దేరితే ఒకటి వెళ్ళి, మళ్ళీ వెనక్కి కూడా వచ్చేస్తుంది. దానికంటే పెద్ద బ్యాటరీ ఉన్న రెండోది కోదాడ దాటగానే ప్లగ్గు కోసం వెతుక్కుంటుంది. కిలోమీటరుకి ఒకటి 100 వాట్ అవర్లు తింటే రెండోది 430 తింటోంది. విద్యార్థుల అంకెలో కాస్త ఉత్సాహం కలిసి ఉందనుకుని కొంత కోసేసినా, తేడా మాత్రం రెండు మూడు రెట్లకి తగ్గదు.

ఎలక్ట్రిక్ మోటార్‌హోమ్ మాట ఎత్తితే చాలు, "ఇంకా మంచి బ్యాటరీలు రావాలండీ, అప్పుడు చూద్దాం" అంటారు. నాకు ఈ మాట వింటే మన ఆఫీసుల్లో మాట గుర్తొస్తుంది. అప్లికేషన్ స్లోగా ఉంది, ర్యామ్ పెంచండి! కోడ్ తెరిచి చూసేవాడుండడు. ఈ రెండు బళ్ళ మధ్య తేడా బ్యాటరీలో లేదు, ఇంట్లో ఉంది. తమాషా ఏమిటంటే, ఇంటిని తేలిగ్గా, గాలి తగలకుండా ఎలా కట్టాలో 1930ల్లోనే తెలుసు. మధ్యలో పెట్రోలు చవకై ఆ విద్య అటకెక్కింది. ఈ టపా ఆ కథ గురించే.

ముందు కాస్త లెక్క

రోడ్డు మీద బండికి ప్రధానంగా రెండు ఖర్చులు. గాలిని తోసుకుంటూ వెళ్ళడం ఒకటి, బరువుని దొర్లించడం ఇంకొకటి. మొదటిది బండి ముఖం ఎంత పెద్దది, ఆకారం ఎంత నున్నగా ఉంది, వేగం ఎంత అన్నదాని మీద ఉంటుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లు. రెండోది టైర్లూ బరువూ.

ఒక మామూలు డబ్బా ఆకారం మోటార్‌హోమ్ తీసుకుందాం. ముఖం ఆరున్నర చదరపు మీటర్లు, డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.5, బరువు 4 టన్నులు. గంటకి 90 కి.మీ. వేగంలో గాలికి కిలోమీటరుకి సుమారు 340 వాట్ అవర్లు, టైర్లకి 110. మోటారు వగైరాల్లో పోయే పదిహేను శాతం కూడా కలిపితే మొత్తం 530 దాకా తేలుతుంది. 60 యూనిట్ల బ్యాటరీతో 113 కి.మీ.

ఇప్పుడు ముఖం 4 చదరపు మీటర్లు, కోఎఫిషియెంట్ 0.3, బరువు 2 టన్నులు అనుకుందాం. అదే వేగంలో గాలికి 125, టైర్లకి 55. నష్టాలతో కలిపి 210. అదే బ్యాటరీతో 285 కి.మీ. ఒక్క సెల్ కూడా మార్చలేదు చూడండి.

ఈ లెక్కలో ఇంకో సంగతుంది. హైవే మీద ఆకారానిదే పెద్ద వాటా. బరువు ఒక్కటే సగం చేసి డబ్బాని డబ్బాలాగే ఉంచితే 530 కాస్తా 460కి దిగుతుంది, అంతే. మరి బరువు ముఖ్యం కాదా? ముఖ్యమే. తిరుమల ఘాట్ ఎక్కాలంటే సుమారు 700 మీటర్ల ఎత్తు. 4 టన్నుల బండికి ఆ ఎత్తుకే 9 యూనిట్లు ఖర్చు, 2 టన్నులదానికి నాలుగున్నర (దిగేటప్పుడు కొంత తిరిగొస్తుందనుకోండి, అది వేరే సంగతి). అంతకంటే ముఖ్యంగా బరువు వడ్డీలా పెరుగుతుంది. ఇల్లు బరువెక్కితే పెద్ద బ్యాటరీ కావాలి. దాన్ని మొయ్యడానికి గట్టి ఫ్రేము, దాన్ని ఆపడానికి పెద్ద బ్రేకులు, గట్టి టైర్లు, ఇవన్నీ కలిపి మళ్ళీ ఇంకాస్త బ్యాటరీ. మనం ఎక్కడో ఒకచోట ఆపకపోతే ఆగని రికర్షన్ ఇది.

విమానాల వాళ్ళు కట్టిన ఇళ్ళు

కథ 1910లో మొదలుపెట్టొచ్చు. ఆ ఏడాది న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పియర్స్-యారో కంపెనీ టూరింగ్ లాండో అనే కారు చూపించింది. వెనక సీటు పరుచుకుంటే మంచం, ఒక చిన్న సింకు వగైరా. డబ్బున్నవాళ్ళ సరదా. డిజైను చరిత్రలో అసలు మలుపు మాత్రం విమానాల వాళ్ళు ఇటువైపు చూసినప్పుడు వచ్చింది.

గ్లెన్ కర్టిస్ అమెరికాలో రైట్ సోదరుల తర్వాత అంత పేరున్న విమాన నిర్మాత. 1920ల చివర్లో ఏరోకార్ అనే ట్రెయిలర్ తయారుచేశాడు. అప్పటి విమానాల్లో లాగే కర్ర చట్రం, దాన్ని బిగించి పట్టుకోడానికి తీగలు. కారుకి తగిలించే చోట ఒక టైరుని అడ్డంగా పడుకోబెట్టి కుదుపులు తగ్గించాడు. విమానం కట్టేవాడికి ప్రతి కిలోకీ లెక్క చెప్పుకోవడం అలవాటు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చిందన్నమాట.

తర్వాత హాలీ బోలస్. ఇతను గ్లైడర్ల మనిషి. 1927లో లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ విమానాన్ని శాన్ డియేగోలో కట్టిన బృందంలో ఉన్నాడు. గ్లైడర్‌కి ఇంజనే ఉండదు. గాలికి అడ్డం పడకుండా, బరువు లేకుండా కట్టకపోతే అది నేల మీదే కూచుంటుంది. అలాంటివాడు 1934లో రోడ్ చీఫ్ అనే ట్రెయిలర్ కట్టాడు. అల్యూమినియం రేకుల్ని రివెట్లతో అతికిన పొట్లకాయలాంటి ఆకారం. బరువు సుమారు 500 కిలోలు! మంచాలూ వంటిల్లూ అన్నీ కలిపి. ఎనభై దాకా అమ్ముడయ్యాక 1936లో కంపెనీ దివాలా తీసింది.

బోలస్ దగ్గర అమ్మకాలు చూసిన వాలీ బయామ్ ఆ ఆలోచనని పట్టుకుని అదే 1936లో ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ తెచ్చాడు. పేరు కూడా పాన్ ఆమ్ విమానాలదే. ఇప్పటికీ అమెరికా రోడ్ల మీద కనిపించే వెండి రంగు ట్రెయిలర్ల పూర్వీకుడు ఇదే. బయామ్ ప్రచారంలో ఘనుడు. 1947లో ఆల్ఫ్రెడ్ లెటూర్నర్ అనే ఫ్రెంచి సైకిల్ వీరుడి చేత ఒక ఎయిర్‌స్ట్రీమ్‌ని సైకిలుతో లాగించి ఫొటో తీయించాడు. కంపెనీ ఆ బొమ్మని చాన్నాళ్ళు గుర్తుగా వాడుకుంది.

నాకు ఆ ఫొటో ఉత్త ప్రకటనలా అనిపించదు, ఒక టెస్ట్ కేసులా అనిపిస్తుంది. మనిషి కాళ్ళ శక్తి మహా అయితే కొన్ని వందల వాట్లు. అంత తక్కువ శక్తితో కదిలిందంటే డిజైను పాసైనట్టే. ఈరోజు ఎలక్ట్రిక్ మోటార్‌హోమ్ కట్టేవాళ్ళు గోడకి తగిలించుకోవాల్సిన ఫొటో అది.

ఇరవై అయిదు గుర్రాల ఇల్లు

అట్లాంటిక్ అవతల జర్మనీలో కథ ఇంకోలా నడిచింది. యుద్ధంలో ఓడిన దేశం, చేతిలో ఉన్నది బీటిల్ కారు ఇంజను. 1950లో ఫోక్స్‌వాగన్ టైప్ 2 వ్యాన్ వచ్చింది, 25 హార్స్‌పవర్‌తో. మొదటి నమూనా గాలికి గోడలా నిలబడింది, కోఎఫిషియెంట్ 0.75. బ్రౌన్‌ష్వైగ్ యూనివర్సిటీ విండ్ టనెల్‌లో పెట్టి ముక్కుని గుండ్రంగా చేశాక 0.44కి దిగింది. బీటిల్ కంటే తక్కువ! చూడ్డానికి రొట్టె ముక్కలా ఉండే ఆ బండి. అంత చిన్న ఇంజనుతో వేరే దారి లేదు మరి.

1951లో వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ ఈ వ్యాన్‌లోకి క్యాంపింగ్ బాక్స్ తయారుచేసింది. మంచం, అలమరా, స్టవ్వు అన్నీ ఒక పెట్టెలో. వారమంతా సరుకులు మోసే బండి, శనివారం పెట్టె ఎక్కిస్తే ఇల్లు. తర్వాత పైకప్పు ఎత్తుకునే మోడళ్ళు వచ్చాయి. నడుస్తున్నప్పుడు పొట్టి, ఆగినప్పుడు పొడుగు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఈ బళ్ళలోనే 1960లు, 70ల్లో యూరప్ కుర్రకారు ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్ మీదుగా ఢిల్లీ, గోవా, కాఠ్మాండూ దాకా వచ్చేవారు. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్ఘనిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. కానీ ఖండాలు దాటే ఇంటికి నలభై, యాభై హార్స్‌పవర్ చాలని అప్పటికే రుజువైపోయింది.

పెట్రోలు చవకైతే...

అమెరికాలో దీనికి పూర్తిగా ఎదురు. 1966లో అయోవా రాష్ట్రం ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో మోటార్‌హోమ్‌లు మొదలుపెట్టింది. మధ్యలో ఫోమ్ పెట్టిన ప్యానెళ్ళని అసెంబ్లీ లైన్ మీద బిగించి, పోటీ కంపెనీల ధరలో దాదాపు సగానికే అమ్మింది. మధ్యతరగతికి చక్రాల ఇల్లు అందింది ఈ కంపెనీ వల్లే, ఆ క్రెడిట్ ఇవ్వాల్సిందే. కానీ ఆకారం? ట్రక్కు ఛాసిస్ మీద డబ్బా. డబ్బా అయితే లోపల చోటెక్కువ, కట్టడం తేలిక, ఖర్చు తక్కువ. గాలికి అయ్యే ఖర్చు ఫ్యాక్టరీ లెక్కల్లో కనపడదు, కొన్నవాడు పెట్రోలు బంకులో కడతాడు. ఆ రోజుల్లో అది కూడా పెద్ద ఖర్చు కాదు.

పెట్రోలు ఎంత నష్టాన్ని దాచిపెట్టగలదో చూడండి. ఒక లీటరులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. స్టెల్లా వీటా బ్యాటరీ మొత్తం 60 యూనిట్లంటే ఏడు లీటర్ల లోపు పెట్రోలు. మన స్ప్లెండర్ ట్యాంకులో పట్టేదానికంటే తక్కువ! అదే 190 లీటర్ల మోటార్‌హోమ్ ట్యాంకులో 1700 యూనిట్లు. ఇంజను అందులో ముప్పావు వంతు వేడి కింద తగలేసినా ఇంకా నాలుగొందల పైన మిగుల్తాయి. ఇంత ధారాళంగా ఉన్నప్పుడు డబ్బా అయితేనేం, సొరకాయ అయితేనేం?

మధ్యలో ఒక్కరు మాత్రం గట్టిగా ఆలోచించారు. 1973లో జనరల్ మోటార్స్ తెచ్చిన జీఎంసీ మోటార్‌హోమ్. ట్రక్కు ఛాసిస్ అరువు తెచ్చుకోకుండా మొత్తం బండిని ఒకే డిజైనుగా గీశారు. ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారులోని ఫ్రంట్ వీల్ డ్రైవ్ వాడారు. వెనక చక్రాలకి షాఫ్టు లేదు కాబట్టి నేల బాగా కిందకి దిగింది, నేల దిగితే కప్పూ దిగింది. అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ బాడీ. ఐదు టన్నుల బండే, తేలికని అనలేం. కానీ పొట్టిగా, నున్నగా ఉంటుంది. యాభై ఏళ్ళ తర్వాత కూడా పాతబడినట్టు కనపడదు.

దాని టైమింగే బాలేదు. 1973 అక్టోబరులో చమురు సంక్షోభం. 1974 జనవరిలో అమెరికాలో దేశమంతటా గంటకి 55 మైళ్ళ వేగ పరిమితి చట్టం. అందరికంటే తక్కువ గాలి తగిలే మోటార్‌హోమ్‌ని అప్పుడే బాగా అమ్మాల్సింది నిజానికి. కానీ బంకుల దగ్గర క్యూలు చూసి జనం అసలు మోటార్‌హోమ్ అన్న ఆలోచనే మానుకున్నారు. సుమారు 13 వేలు కట్టాక 1978లో ఆపేసి, ఆ ఫ్యాక్టరీ స్థలం పికప్ ట్రక్కులకి ఇచ్చేశారు. పెట్రోలు మళ్ళీ చవకైంది. డబ్బాలు మళ్ళీ నిలబడ్డాయి.

సీసం మోసిన వ్యాన్, ఇస్త్రీపెట్టెతో నడిచిన కారు

"మరి అప్పుడే కరెంటుతో ప్రయత్నించలేదా?" అనొచ్చు. ప్రయత్నించారు. 1972లో ఫోక్స్‌వాగన్ తన వ్యాన్‌కే సీసపు బ్యాటరీలు పెట్టింది. 21.6 యూనిట్ల కోసం ఎనిమిది వందల కిలోలు దాటిన బ్యాటరీ! 16 కిలోవాట్ల మోటారు, గంటకి 70 కి.మీ. వేగం, మహా అయితే 85 కి.మీ. రేంజి. ఆ సీసంతో 60 యూనిట్లు కావాలంటే బ్యాటరీయే రెండు టన్నులు దాటుతుంది. స్టెల్లా వీటా మొత్తం బరువే 1700 కిలోలు. కాబట్టి అప్పట్లో బ్యాటరీ నిజంగానే అడ్డంకి, కాదనను. ఇప్పటి లిథియం ప్యాక్ కిలోకి సుమారు 150 వాట్ అవర్లు ఇస్తుంది, 60 యూనిట్లకి 400 కిలోలు చాలు. సాకు సగం కరిగిపోయింది.

ఆ మిగతా సగం గురించి ఆలోచించినవాడు మళ్ళీ ఒక గ్లైడర్ మనిషే. పాల్ మెక్‌క్రెడీ, 1956 ప్రపంచ గ్లైడింగ్ చాంపియన్. బంధువుకి హామీ ఉండి లక్ష డాలర్ల అప్పులో ఇరుక్కున్నాడు. మనిషి కండబలంతో ఎగిరే విమానానికి యాభై వేల పౌన్ల క్రెమర్ బహుమతి ఉందని గుర్తొచ్చింది. మిగతావాళ్ళు అందమైన విమానాలు ఏళ్ళ తరబడి చెక్కుతుంటే, ఇతను సన్నటి గొట్టాలు, ప్లాస్టిక్ షీటు, తీగలతో ముప్పై చిల్లర కిలోల విమానం కట్టాడు. కూలితే గంటల్లో మళ్ళీ అతికించుకునేలా. మనం ఇప్పుడు అజైల్ అని పేరు పెట్టుకున్నది అదే కదా :). 1977లో బహుమతి కొట్టాడు. 1979లో దాని తమ్ముడు గోసమర్ ఆల్బట్రాస్ ఇంగ్లిష్ చానల్ దాటింది.

1987లో ఆస్ట్రేలియాలో మొదటి వరల్డ్ సోలార్ చాలెంజ్ జరిగింది. డార్విన్ నుంచి అడిలైడ్, 3000 కి.మీ. జనరల్ మోటార్స్ కోసం మెక్‌క్రెడీ బృందం కట్టిన సన్‌రేసర్ సగటున గంటకి 67 కి.మీ. వేగంతో గెలిచింది. డ్రైవరుతో కలిపి 265 కిలోలు. పట్టపగలు దాని ప్యానెళ్ళ నుంచి వచ్చే శక్తి ఒకటిన్నర కిలోవాట్, అంటే ఒక మంచి ఇస్త్రీపెట్టెకి సరిపడేంత. ఇస్త్రీపెట్టె కరెంటుతో ఖండం దాటారన్నమాట.

ఆ ఒక్క కారు నుంచి ఎన్ని దారులు చీలాయో చూడండి. అదే బృందం 1990లో ఇంపాక్ట్ అనే ఎలక్ట్రిక్ కారు నమూనా చేసింది, అది 1996లో ఈవీ1గా రోడ్డెక్కింది. సీసపు బ్యాటరీయే, 16.5 యూనిట్లే. కానీ కోఎఫిషియెంట్ 0.19 కాబట్టి వంద కిలోమీటర్ల పైన నడిచింది. అందులో ఎలక్ట్రానిక్స్ చేసిన అలన్ కొకోనీ తర్వాత తన కంపెనీలో టీజీరో అనే కారు చేశాడు. 2003లో దానికి లాప్‌టాప్ సెల్స్ వేలకి వేలు కలిపి పెట్టారు. ఆ కారు చూసినవాళ్ళే టెస్లా మొదలుపెట్టారు.

ఇంకో దారి మన దగ్గరికి వచ్చింది. సన్‌రేసర్ గెలిచాక జనరల్ మోటార్స్ అమెరికా యూనివర్సిటీలకి సోలార్ కార్ల పందెం పెట్టింది. 1990లో గెలిచింది మిషిగన్ యూనివర్సిటీ సన్‌రన్నర్. ఆ జట్టులో ఒక బెంగుళూరు కుర్రాడు చేతన్ మైనీ. అతని రేవా 2001లో బెంగుళూరు రోడ్లెక్కింది. బెంగుళూరులో పనిచేసిన మన ఐటీ వాళ్ళలో ఆ బుల్లి కారుని చూసి నవ్వనివాళ్ళు తక్కువ. ప్లాస్టిక్ ప్యానెళ్ళు, సీసపు బ్యాటరీలు, 80 కి.మీ. రేంజి. నవ్వులాటకేం గానీ, ఉన్న బ్యాటరీకి తగ్గట్టు బండిని చిన్నదిగా కట్టడం అన్న పని మన దేశంలో ఒకరు అప్పుడే చేసి చూపించారు.

మళ్ళీ అదే పరీక్ష

ఇక ఈ మధ్యకి వద్దాం. 2017లో డ్యూసల్‌డార్ఫ్ ప్రదర్శనలో జర్మన్ కంపెనీ డెత్‌లెఫ్స్ ఈ.హోమ్ అనే ఎలక్ట్రిక్ మోటార్‌హోమ్ పెట్టింది. ఇవెకో ఎలక్ట్రిక్ వ్యాన్ ఛాసిస్ మీద మామూలు ఇంటి డబ్బా, ఒళ్ళంతా 31 చదరపు మీటర్ల సోలార్ సెల్స్. రేంజి మాత్రం రెండొందలకి లోపే. 2022లో విన్నెబాగో ఈ-ఆర్వీ సంగతి చెప్పుకున్నాం. 2023 జనవరిలో దాని రెండో రూపం, 68 యూనిట్లు, 108 మైళ్ళు. ఎక్కువమంది వారాంతం దగ్గర ఊళ్ళకే వెళ్తారని కంపెనీ వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ మూడింటి దారీ ఒకటే. పాత డబ్బా అలాగే ఉంచి, ఇంజను తీసి బ్యాటరీ పెట్టడం. మన భాషలో చెప్పాలంటే లెగసీ కోడ్‌ని ఎత్తి క్లౌడ్‌లో పెట్టడం. నడుస్తుంది. బిల్లు వచ్చినప్పుడు తెలుస్తుంది.

రెండో దారి వాళ్ళూ ఉన్నారు. స్టెల్లా వీటా ముక్కు నుంచి తోక దాకా నీటిబొట్టులా ఉంటుంది, ఆగాక కప్పు పైకి లేస్తుంది. నడిచేటప్పుడు 8.8 చదరపు మీటర్ల సోలార్, ఆగి రెక్కలు విప్పితే 17.5. 2021 సెప్టెంబరులో ఐండ్‌హోవెన్‌లో బయల్దేరి అక్టోబరుకి స్పెయిన్ దక్షిణపు కొస తరీఫా చేరింది. ఇక్కడో చిన్న లెక్క చూడండి. రెక్కలు విప్పిన ప్యానెళ్ళు మంచి ఎండలో రోజుకి 13 యూనిట్లు ఇస్తాయనుకుందాం. కిలోమీటరుకి 100 వాట్ అవర్లు తినే బండికి అది 130 కి.మీ. 430 తినే బండికి 30 కి.మీ. ఎండ ఒకటే, ప్యానెల్ ఒకటే. తేలికైన బండికి సోలార్ వరం, డబ్బాకి అలంకారం.

అమెరికాలో లైట్‌షిప్ అనే కంపెనీ 2023లో చూపించిన ట్రెయిలర్‌దీ ఇదే సూత్రం. రోడ్డు మీద పై సగం కింది సగంలోకి దిగిపోతుంది, ఆగాక లేస్తుంది. వెస్ట్‌ఫాలియా కప్పు గుర్తుంచుకోమన్నది ఇందుకే. దాంట్లో 80 యూనిట్ల బ్యాటరీ, సొంత మోటారు కూడా ఉన్నాయి, లాగే కారు మీద భారం పడకుండా. 2022లో వచ్చిన ఫోక్స్‌వాగన్ ఐడీ బజ్ చూడ్డానికి తాతగారి పోలికే, కోఎఫిషియెంట్ మాత్రం 0.285. డబ్బాలా కనిపించినంత మాత్రాన గాలికి డబ్బా అవ్వక్కర్లేదని అప్పట్లో బ్రౌన్‌ష్వైగ్ విండ్ టనెల్‌లో తేలిందే మళ్ళీ తేలింది.

అన్నీ బావున్నాయని కాదు. స్టెల్లా వీటా అమ్మకానికి కట్టిన బండి కాదు. దుకాణానికి రావాలంటే క్రాష్ పరీక్షలు పాసవ్వాలి, ఎయిర్‌బ్యాగులు పెట్టాలి, బరువు పెరుగుతుంది. ఇద్దరికి సరిపడే ఇల్లు అది. తాతయ్య, బామ్మ, ఇద్దరు పిల్లలతో వెళ్ళే కుటుంబానికి చాలదు. తేలిక సామాను ఖరీదు కూడా. ఇవన్నీ ఒప్పుకుందాం. 100ని 200 చేసేద్దాం. అయినా డబ్బాలో సగానికి లోపే!

మనకేంటట?

మన దగ్గర క్యారవాన్ అంటే ఇన్నాళ్ళూ సినిమా వాళ్ళదే. షూటింగ్ దగ్గర జనరేటర్ రొద చేస్తూ నిలబడే బస్సు. ఇప్పుడిప్పుడే అది మారుతోంది. 2021లో కేరళ క్యారవాన్ టూరిజం పాలసీ తెచ్చింది, మిగతా రాష్ట్రాలూ ఆ దారిలో ఉన్నాయి. ఇప్పటికి మాత్రం మనదీ బస్సు లేదా ట్రక్కు ఛాసిస్ మీద డబ్బా పద్ధతే. ఇంకో నాలుగేళ్ళకి ఎవరో దానికే బ్యాటరీ పెడతారు, 150 కి.మీ. వస్తుంది. "మన దేశానికి ఎలక్ట్రిక్ పనికిరాదండీ" అని తేల్చేస్తారు. నా భయం అదే.

నిజానికి మనకి కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. మన రోడ్ల మీద 90 వేగం అరుదు. ఇందాకటి డబ్బానే 72లో నడిపితే 530 కాస్తా 380 అవుతుంది. ఎండకి కొదవ లేదు. ఏసీ తప్పదు గానీ, ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రంతా వేసినా ఐదారు యూనిట్లు. గోడల్లో ఇన్సులేషన్ బావుంటే అదీ తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మనకి పాత ఫ్యాక్టరీలు లేవు, పాత అచ్చులు లేవు. ఖాళీ ఎడిటర్ ముందు కూచున్నాం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే చేతులకి అల్యూమినియం రివెట్లు కొట్టడం బ్రహ్మవిద్యేం కాదు. బోలస్ చేసిందీ అదే, 1934లో.

ఎవరైనా మొదలుపెడితే నేను ముందు అడిగేది బ్యాటరీ ఎంత అని కాదు. కిలోమీటరుకి ఎన్ని వాట్ అవర్లు అని అడుగుతాను. ఆ అంకెకి ముందే ఒక గీత గీసుకోవాలి, 200 అని. ఆ తర్వాత మంచం, స్టవ్వు, నీళ్ళ ట్యాంకు అన్నీ ఆ గీత లోపల సర్దుకోవాలి (వంద లీటర్ల నీళ్ళంటే వంద కిలోలని మర్చిపోకూడదు). ముందు ఇల్లు కట్టేసి, తర్వాత దానికి సరిపడే బ్యాటరీ కోసం వెతికితే రికర్షన్‌లో పడతాం.

బ్యాటరీలు ఎలాగూ బాగుపడతాయి, ఆ పని వేరేవాళ్ళు చేస్తున్నారు. కానీ రేపు రెట్టింపు శక్తి ఉన్న బ్యాటరీ వచ్చినా డబ్బాకి 400 కి.మీ. ఇస్తుంది, తేలికైన ఇంటికి 800. లేకపోతే అదే 400 కోసం సగం బరువు, సగం ఖర్చు బ్యాటరీ చాలు. మామూలు జీతగాడు కొనగలడా లేదా అన్నది అక్కడే తేలుతుంది. పెట్రోలు మన బద్ధకాన్ని వందేళ్ళు మోసింది. బ్యాటరీ మొయ్యదు, లెక్క అడుగుతుంది. నన్నడిగితే అది మంచిదే. ఏమంటారు?